పీట, మంచం, బీరువా: ఇంటి సామాను ఎంపికలో ఆరోగ్య సూత్రాలు

శరీరాన్ని నిలిపే ఉపస్తంభాలు మూడని, అవి ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అని చరక సంహిత సూత్రస్థానంలో చెప్పబడినది. వీటిలో మొదటి రెండింటికి మన ఇండ్లలో ఆధారమైన వస్తువులు రెండు. ఒకటి కూర్చుని తినే పీట లేక బల్ల. రెండవది పడుకునే మంచం. అదే గ్రంథం విమానస్థానంలో భోజన విధులను వివరించుచు, మనసుకు నచ్చిన చోట, నచ్చిన ఉపకరణాలతో, తిండి మీదనే మనసుంచి భుజించవలెనని బోధించినది. నిద్ర పట్టనివారికి సూచించిన ఉపాయాలలో అభ్యంగనం, స్నానం మొదలైన వాటితో పాటు చక్కగా పరచిన పడక కూడ ఉన్నది. కావున బల్ల, మంచం, బీరువా కొనుట కేవలం ధర, అందం చూసి ముగించే పని కాదు. అది కూడ స్వస్థవృత్తంలో, అనగా ఆరోగ్యవంతుడు తన ఆరోగ్యాన్ని నిలుపుకొనే విధానంలో ఒక భాగమే.

ఈ సంగతి నేను పుస్తకాలలో ఏనాడో చదివినాను. నిజముగా బోధపడినది మాత్రం మా టోలిచౌకిలోని ఒక కుటుంబం వలన.

ఒక కుటుంబం నేర్పిన పాఠం

2020 అక్టోబరు 13వ తేదీన హైదరాబాదులో కురిసిన కుంభవృష్టి నగరవాసులకు గుర్తుండే ఉంటుంది. షా హాతిం చెరువు పొంగి, టోలిచౌకిలోని నదీం కాలనీ వంటి పల్లపు వీధులు నీట మునిగినవి. జనాన్ని పడవలలో తరలించవలసి వచ్చినది. ఆ పల్లపు ప్రాంతంలోనే క్రింది అంతస్తులో నివసించే ఒక కుటుంబం నా వద్దకు వైద్యానికి వచ్చేది. భార్య, భర్త, ఏడేళ్ళ పాప, డెబ్బది ఏండ్లు దాటిన నాయనమ్మగారు.

ఆ చలికాలంలో పాపకు దగ్గు, రాత్రివేళ పిల్లికూతలు మొదలైనవి. పిల్లల డాక్టరుకు చూపించి, ఉబ్బసమని తెలుసుకొని, పీల్చే మందు వాడుచున్నారు. దానికి తోడుగా నేను కూడ కొన్ని మందులిచ్చినాను. ఒక వారం తగ్గేది, మరు వారం పెరిగేది. నాయనమ్మగారిది నడుము నొప్పి. పరుపు తీసివేసి, చెక్కబల్ల మీద దుప్పటి పరచి పడుకోవలసినదిగా ఆమెకు నేనే చెప్పినాను. రెండు నెలల తరువాత ఆమె, "డాక్టరుగారూ, ఇదివరకు నడుము ఒక్కటే బాధించేది. ఇప్పుడు భుజము, తుంటి కూడ తోడైనవి. రాత్రి కునుకు లేదు" అన్నారు.

అదే రోజు కోడలు మాటల నడుమ, "సంక్రాంతికి మా అమ్మగారి ఊరు వెళ్ళినాము. అక్కడ ఉన్న పది రోజులూ పాప ఒక్కసారి కూడ దగ్గలేదండీ" అన్నది. ఆ మాట నన్ను ఆలోచింపజేసినది. మందు అదే, పాప అదే. మారినది ఇల్లు మాత్రమే. మరునాడు వారి ఇల్లు చూడబోయినాను.

పాప పడుకునే గదిలో గోడకు ఆనించి నిలువెత్తు బీరువా ఒకటి ఉన్నది. పైన టేకు రంగు కాగితం, లోపల రంపపు పొట్టు, చెక్క ముక్కలను జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు. వరద నీటికి దాని అడుగు భాగం తడిసిన అట్టవలె ఉబ్బినది. తలుపు సరిగా మూతపడదు. నలుగురం కలసి దానిని ముందుకు జరిపితే, వెనుక గోడ నిండా నల్లని బూజు. ఆ బీరువాకు జానెడు దూరంలో పాప తలగడ. అడుగున పెట్టెవలె మూసివేసిన మంచంలో తడి ఆరని పాత బొంతలు. ఆ గదిలో తేమ వాసనతో పాటు కలరా ఉండల ఘాటు.

నాలుగు నెలలు మందు మార్చినాను గాని, "రాత్రి ఎక్కడ పడుకుంటావమ్మా?" అని పాపను ఒకసారియైనా అడుగలేదు. రోగిని ప్రశ్నించుటయు వైద్య పరీక్షలో భాగమే. అందులో లోపము నాది.

వారు పాత సామాను తీసివేసి కొత్తది కొనదలచి, నన్ను తోడు రమ్మన్నారు. ఆ సందర్భంలో నేను చూచినవి, చదివి తెలుసుకొన్నవి, పాఠకుల ఉపయోగార్థం ఇక్కడ వివరించుచున్నాను.

మొదట చూడవలసినవి మూడు

వైద్యుడు ఔషధం నిర్ణయించుటకు ముందు రోగిని, దేశమును, కాలమును చూస్తాడు. ఇంటి సామానుకు కూడ ఇదే వరుస.

రోగి అనగా ఇక్కడ వాడుకొనే మనిషి. ఎత్తు ఎంత, వయసు ఎంత, మోకాళ్ళు ఎట్లున్నవి, ఇంట్లో పసిపిల్లలున్నారా అని చూడవలెను. దేశమనగా ఆ ఇల్లు. పల్లములో ఉన్నదా, గోడలు చెమ్మగిల్లునా, గది కొలత ఎంత అని విచారించవలెను. కాలమనగా ఆ వస్తువు ఎన్నేళ్ళు ఉండవలెనో, వానకాలంలో, ఎండాకాలంలో దాని తీరు ఎట్లుండునో ఆలోచించుట. ఈ మూడింటి తరువాతనే రంగు, నగిషీ.

మా ప్రాంతానికి దగ్గరనే జూబిలీహిల్స్, ఫిలింనగరు ఉన్నవి. సినిమాలో చూపినటువంటి పడకగది కావలెనని ఆ ఇంటి యజమాని కోరిక. నేను ఆయనకు ఒక్క మాట చెప్పినాను. సినిమా సెట్టులో మంచం కొన్ని రోజులు కెమెరాకు అందముగా కనిపించిన చాలును. దాని వెనుక భాగం ఎట్లున్నదో ఎవరూ చూడరు. మన మంచం ఇరవై ఏండ్లు మన వెన్నెముకను మోయవలెను. కావున దుకాణంలో వస్తువును ముందునుండి కాదు, వెనుకనుండి, అడుగునుండి చూడవలెను.

భోజనపు బల్ల

పీట మన మాట. కుర్చీ అన్న మాట అరబ్బీ భాషలోని కుర్సీ నుండి వచ్చినది. ఏది మేలు అని పలువురు నన్ను అడుగుదురు. మోకాళ్ళు, తుంటి బాగున్నవారు రోజుకొకసారి నేలమీద బాసిపట్టు వేసుకొని భుజించిన, కీళ్ళు వంగే అలవాటు పోకుండ నిలుచును. కాని మోకాలి నొప్పి ఉన్నవారిని, ఇటీవల శస్త్రచికిత్స అయినవారిని ఆచారము పేరుతో నేలమీద కూర్చోబెట్టరాదు. వారికి కుర్చీయే పథ్యము.

బల్ల కొనేటప్పుడు ఈ కొలతలు చూడవలెను:

1. నేలనుండి బల్ల ఎత్తు 28 నుండి 30 అంగుళాలు, కుర్చీ ఆసనం ఎత్తు 17 నుండి 18 అంగుళాలు ఉండవలెను. రెండింటి మధ్య తేడా 11, 12 అంగుళాలున్న భుజాలు పైకెత్తకుండ, నడుము వంచకుండ తినగలము.

2. కూర్చున్నప్పుడు అరికాళ్ళు రెండూ నేలకు ఆనవలెను. పొట్టివారికి, పిల్లలకు కాళ్ళ క్రింద చిన్న పీట వేయవలెను.

3. మనిషికి 24 అంగుళాల వెడల్పు కావలెను. ఆరుగురికి అయిదు, ఆరు అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల బల్ల సరిపోవును. కుర్చీ వెనుకకు జరిపి లేచుటకు గోడకు, బల్లకు నడుమ రెండున్నర నుండి మూడడుగుల చోటు విడువవలెను. నలుగురున్న ఇంటికి, చిన్న గదికి ఎనిమిది కుర్చీల బల్ల తెచ్చి ప్రక్కకు ఒదిగి నడచుట మంచిది కాదు.

4. వృద్ధులకు చేతులున్న కుర్చీ ఒకటి తప్పక ఉండవలెను. ఆ చేతులు పట్టుకొని లేచిన మోకాళ్ళమీద భారము తగ్గును.

5. మెత్తలు కుట్టిన ఆసనాలు పులుసు, నూనె పీల్చుకొనును. తీసి ఉతుకుటకు వీలైన గలీబులున్నవే ఎన్నుకొనవలెను.

6. అద్దపు బల్ల అయినచో గట్టిపరచిన, అనగా టఫెన్డ్ అద్దమా అని అడుగవలెను. పసిపిల్లలున్న ఇంట గుండ్రని మూలలు మేలు.

బల్లకు ఎదురుగా టీవీ పెట్టరాదు. తిండిమీదనే మనసుంచవలెనన్న చరకుని మాట ఈనాటి ఇండ్లకు మరింత అవసరము.

మంచము, పరుపు

నడుము నొప్పికి గట్టి బల్లయే మందు అని మనలో తరతరాలుగా ఒక నమ్మకం ఉన్నది. నేను కూడ దానినే నాయనమ్మగారికి చెప్పినాను. అది సరికాదని తరువాత తెలుసుకొన్నాను. స్పెయిను దేశంలో దీర్ఘకాలపు నడుము నొప్పి గల 313 మందిని రెండు భాగాలు చేసి, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం గల పరుపు ఇచ్చి తొంభై రోజులు పరిశీలించినారు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం మధ్యరకం పరుపు వాడినవారికే నొప్పి, ఇబ్బంది ఎక్కువగా తగ్గినవి. శరీరపు వంపులకు కొంత ఒదుగుచు, నడుము క్రుంగిపోకుండ నిలిపే పరుపు కావలెనన్నమాట. మరీ మెత్తని పరుపు, వదులైన నులక మంచం నడుమును ఊయలవలె వంచును. వట్టి చెక్క భుజాన్ని, తుంటిని నొక్కును.

దుకాణంలో పరుపును అరచేతితో నొక్కి చూచుట చాలదు. చెప్పులు విడిచి పది నిమిషాలు దానిపై పడుకొనవలెను. వెల్లకిల పడుకొన్నప్పుడు నడుము క్రింద చేయి కొద్ది ప్రయాసతో దూరవలెను. సులభముగా దూరిన పరుపు మరీ గట్టిది. అసలు దూరకున్న మరీ మెత్తనిది. ప్రక్కకు తిరిగి పడుకొన్నప్పుడు వెన్ను వంకర పోరాదు. ఎవరు పడుకొందురో వారే చూచుకొనవలెను. కొడుకు పడుకొని చూచి తల్లికి పరుపు కొనరాదు.

బూరుగు దూది పరుపు చల్లన. కాని కొంతకాలానికి అణగి గడ్డలు కట్టును. అప్పుడప్పుడు విప్పి దూది ఏకించవలెను. కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉండి గాలి ఆడును. కావలసినచో పైన పలుచని దూది పరుపు వేసుకొనవచ్చును. నురుగు పరుపు మెత్తనగా ఉన్నను మన ఎండాకాలంలో కొందరికి వేడి చేసినట్లుండును. ఏ పరుపైనను నడుమ గుంట పడిన నాడు మార్చవలసినదే.

మంచం ఎత్తు పరుపుతో కలిపి లెక్కించవలెను. మోకాలి మడతనుండి నేలకు ఎంత దూరమో అంత ఎత్తు సరియైనది. సాధారణంగా 18 నుండి 20 అంగుళాలు. పొట్టి వృద్ధ స్త్రీలకు 17 అంగుళాలే చాలును. అంచున కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనకున్న, రాత్రివేళ మూత్రవిసర్జనకు లేచినప్పుడు పడిపోవు ప్రమాదమున్నది. మంచం చుట్టు రెండడుగుల దారి విడువవలెను.

అడుగున సామాను పెట్టుకొనే పెట్టె మంచం చిన్న ఇండ్లకు అనుకూలమే. కాని చెమ్మగల ఇంట వద్దు. క్రింద కాళ్ళుండి, చీపురు, గాలి దూరేటట్లున్న మంచమే మేలు. పరుపు వేసే పలక ఒకే రేకువలె కాక, పట్టీల నడుమ సందులుండిన పరుపు అడుగున చెమట నిలువదు.

కాలిలో తిమ్మిరి, బలహీనత, మలమూత్రాలపై పట్టు తప్పుట వంటి లక్షణాలతో నడుము నొప్పి వచ్చినచో, పరుపు మార్చి చూచుచు కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

బీరువా, అలమరలు

పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్., ప్లైవుడ్ అనేవన్నీ జిగురుతో చేసినవే. వీటిలో అధికంగా వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కొత్తలో ఘాటైన ఆవిరిని విడుచును. కళ్ళ మంట, గొంతు గరగర, దగ్గు దాని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మానవులకు క్యాన్సర్ కారకముగా నిర్ణయించినది. ఇండ్లలోని గాలిలో అది ఘనమీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించినది. వేడి, తేమ పెరిగిన కొద్దీ ఈ ఆవిరి ఎక్కువగును.

భయపడి ఇటువంటి సామాను మొత్తము మానవలసిన పని లేదు. ఇ-1 లేక ఇ-0 గుర్తుగల పలకలు అడుగవలెను. పలక అంచులు నాలుగు వైపుల పూర్తిగా మూయబడినవా అని వేలితో తడిమి చూడవలెను. కొత్త బీరువాను కొన్ని వారాలు తలుపులు తెరచి, గాలి ఆడే గదిలో ఉంచిన పిమ్మట బట్టలు సర్దవలెను. పసిబిడ్డ, గర్భిణి, ఉబ్బసరోగి పడుకొనే గదిలో కొత్తగా వేయరాదు.

తేమగల ఇంట పార్టికల్ బోర్డు వద్దు. నీరు తగిలి ఒకసారి ఉబ్బిన పలక ఆరినను మునుపటి రూపానికి రాదు. ప్లైవుడ్ కావలెనన్న, నీటిని తట్టుకొనే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నదా చూడవలెను. ఇనుప బీరువా బూజు పట్టదు గాని అడుగున తుప్పు పట్టును. దాని కాళ్ళ క్రింద చెక్క దిమ్మెలు ఉంచవలెను. ఏ బీరువానైనను గోడకు రెండు, మూడు అంగుళాల ఎడముగా ఉంచి, నేలనుండి ఆరంగుళాలు లేపిన, వెనుక గాలి ఆడును. దస్తావేజులు, ముఖ్యమైన కాగితాలు పై అరలో ఉంచవలెను.

మరొక ప్రమాదము పిల్లలకు సంబంధించినది. సొరుగులు లాగి మెట్లవలె ఎక్కుట పిల్లలకు ఆట. అప్పుడు బల్ల మొత్తము వారిమీద పడును. 2016లో అమెరికాలో ఒక అంతర్జాతీయ సంస్థ ఇట్టి సొరుగుల బల్లలను దాదాపు 2 కోట్ల 90 లక్షలు వెనుకకు తీసుకొనవలసి వచ్చినదనగా ప్రమాదపు తీవ్రత గ్రహింపవచ్చును. ఎత్తైన బీరువాను, సొరుగుల బల్లను ఇనుప పట్టీతో, మరలతో గోడకు బిగించవలెను. బరువైనవి క్రింది అరలలోనే పెట్టవలెను.

కలప గుర్తించుట

మెహిదీపట్నం నుండి టోలిచౌకి మీదుగా షేక్‌పేట వైపు సాగే రోడ్డు వెంట ఫర్నిచరు దుకాణాలకు కొదువ లేదు. ప్రతి చోట వినిపించే మాట ఒక్కటే: "పక్కా టేకు సాబ్." పైపొర టేకు, లోపల వేరొకటి కావచ్చును. సొరుగు పూర్తిగా బయటికి లాగి, దాని అడుగు, వెనుక చెక్క చూడవలెను. పైన కనిపించే కర్ర గీతలు పలక కోసిన అంచువరకు కొనసాగిన అది నిండు కర్ర. అంచున పొరలు గాని, పొట్టు గాని కనిపించిన అది అతికినది. చేవ లేని తెల్లని భాగానికి రంగు వేసి అమ్ముట కూడ కలదు. అటువంటి భాగానికే పుచ్చు త్వరగా పట్టును. బాగా ఆరని కర్ర మన ఎండలకు పగిలి, అతుకులు వదలును.

వరాహమిహిరుని బృహత్సంహితలో మంచాలకు, ఆసనాలకు తగిన వృక్షాలను చెప్పిన అధ్యాయం ఒకటి కలదు. టేకు, చందనం, దేవదారు అందులో చేరినవే. అయితే నిండు టేకు అందరికీ అందే ధరలో లేదు. మంచపు కాళ్ళు, పట్టెలు వంటి బరువు మోసే భాగాలకు టేకు లేక నల్లమద్ది, మిగిలిన భాగాలకు బాగా ఆరి మందు పెట్టిన మామిడి, వేపకర్ర వాడిన, ఖర్చు తగ్గును, మన్నికకు లోటు రాదు.

గృహచిట్కాలు

కలరా ఉండలు: నాఫ్తలీను ఉండలు పసిబిడ్డల బట్టలలో ఎన్నడు వేయరాదు. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన శిశువులకు ఆ ఆవిరివలన ఎర్ర రక్తకణాలు చిట్లి, కామెర్లు ముదిరి, ప్రాణాపాయము కలుగవచ్చును. వాటికి బదులు నీడన ఎండించిన వేపాకు, వస కొమ్ము ముక్కలు, వట్టివేళ్ళు పలుచని గుడ్డలో మూటగట్టి, పిల్లలకు అందని పై అరలలో ఉంచవలెను. రెండు, మూడు నెలలకొకసారి మార్చవలెను. వీటివలన పురుగు కొంత దూరముండును గాని చెదలు చావవు. చెదలకు వేరే చికిత్స చేయించవలెను.

నల్లులు: మంచపు అతుకులలో, నులకలో మరుగునీరు పోసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంచవలెను. వారం తరువాత మరల చేయవలెను.

పుచ్చు: కర్రకు సన్నని రంధ్రాలు పడి పిండివంటి పొడి రాలిన, ఆ రంధ్రాలలో చుక్కలమందు గొట్టముతో వేపనూనె పోసి, మైనముతో మూయవలెను. మరల పొడి రాలినచో వడ్రంగిని పిలిచి ఆ భాగమును మార్పించవలెను.

బూజు: ముక్కుకు గుడ్డ కట్టుకొని, సబ్బునీటితో తుడిచి, పూర్తిగా ఆరబెట్టవలెను. గోడలోని చెమ్మకు కారణం తొలగించనిదే ఎన్నిసార్లు తుడిచినను అది తిరిగి వచ్చును. ఉబ్బసమున్నవారు ఈ పని చేయరాదు.

పక్కబట్టలు: వారానికొకసారి బాగా వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరవేయవలెను. పరుపులోని కంటికి కనిపించని ధూళిపురుగులు ఉబ్బసాన్ని రేపును.

ముగింపు

ఆ కుటుంబం పెద్ద జాబితాతో దుకాణానికి వెళ్ళి, అందులో సగమే కొన్నది. ఉబ్బిన బీరువా, పెట్టె మంచం, పాత బొంతలు బయటికి పోయినవి. గోడకు చెమ్మ రాకుండ మరమ్మతు జరిగినది. పాపకు కాళ్ళున్న మంచం, గాలి ఆడే కిటికీ ప్రక్కన పడక. డాక్టరు చెప్పిన పీల్చే మందు మానలేదు. మూడు నెలలకు రాత్రి పిల్లికూతలు తగ్గి, ఆ డాక్టరే మందు మోతాదు తగ్గించినారు. నాయనమ్మగారు తానే పడుకొని చూచి ఎంచుకొన్న పరుపుమీద నిద్రపోవుచున్నారు. నడుము నొప్పి పూర్తిగా పోలేదు. కాని ఉదయం ఒకరి సాయం లేకుండ మంచం దిగుచున్నారు.

అప్పటినుండి దగ్గుతో, నడుము నొప్పితో, నిద్రలేమితో నా వద్దకు వచ్చినవారిని నాడి చూచుటకు ముందే రెండు ప్రశ్నలు అడుగుచున్నాను. "ఎక్కడ కూర్చుని తింటారు? దేనిమీద పడుకొంటారు?" పాఠకులు కూడ ఈ రాత్రి తమ ఇంటిలో బీరువా వెనుక ఒకసారి దీపం వేసి చూడవలెనని, మంచం అంచున కూర్చుని పాదాలు నేలకు ఆనినవో లేదో గమనించవలెనని నా మనవి.